ఐడిల్ ఫోన్‌ను వెతకడం: ఏరియా సైజు సంగతి తర్వాత, ముందు పిలిచే వరుస చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. విశాఖపట్నంలో గాజువాక నుంచి మధురవాడ దాకా మీ 4జీ నెట్‌వర్క్‌లో నాలుగు ట్రాకింగ్ ఏరియాలున్నాయి, అంటే వాడకంలో లేని (ఐడిల్) ఫోన్‌ను వెతకడానికి టవర్లను కలిపి చేసిన గుంపులు. సాయంత్రం ఆరు దాటాక ఆర్కే బీచ్ వైపు ఉన్నవాళ్లకు ఫోన్ చేస్తే, వాళ్ల చేతిలో సిగ్నల్ నిండుగా ఉన్నా, "అందుబాటులో లేరు" అని వినిపిస్తోంది. ఏరియాలను ముక్కలు చేస్తే పేజింగ్, అంటే ఫోన్‌ను పిలిచి వెతకడం, తగ్గుతుందని ఒకరంటున్నారు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర, ఏరియా మారామని ఫోన్లు పంపే అప్‌డేట్లు కుప్పలుగా వస్తున్నాయి కాబట్టి రెండు ఏరియాలను కలిపేయమని ఇంకొకరంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకండి. సరిహద్దుల జోలికి వెళ్లేముందు మూడు సంగతులు చూడాలి. మొదటి పిలుపు ఎన్ని సైట్లకు (టవర్లకు) వెళ్తోంది? రెండో పిలుపుకు ముందు ఎంతసేపు ఆగుతున్నారు? ఒక్కో సెల్‌లో, అంటే సైట్ కవర్ చేసే ఒక్కో భాగంలో, సెకనుకు ఎన్ని పిలుపులు పట్టేలా సెట్టింగ్ పెట్టారు? చాలా చోట్ల ఈ మూడూ సరిచేస్తే సరిహద్దు గీతలు మార్చాల్సిన అవసరమే రాదు.

ఫోన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు నెట్‌వర్క్‌కు తెలిసేది చాలా తక్కువ. మాట్లాడుతున్నంతసేపూ, డేటా వాడుతున్నంతసేపూ ఏ సెల్‌లో ఉందో కచ్చితంగా తెలుసు. పని అయిపోయి, మామూలుగా ఓ పది సెకన్లు డేటా ఏదీ కదలకపోతే కనెక్షన్ వదిలేస్తారు. అక్కడి నుంచి ఫోన్ తనంతట తాను సెల్ మార్చుకుంటూ పోతుంది, ఎవరికీ చెప్పదు. తన చేతికిచ్చిన ట్రాకింగ్ ఏరియాల జాబితా దాటినప్పుడే ఎమ్‌ఎమ్‌ఈకి, అంటే ఫోన్లు ఎక్కడున్నాయో చూసుకునే కోర్ నెట్‌వర్క్ యంత్రానికి, కబురు పెడుతుంది. ఆ జాబితాలో గరిష్ఠంగా 16 ఏరియాలుండొచ్చు. దాటకపోయినా టీ3412 టైమర్ అయిపోగానే ఓసారి హాజరు వేయించుకుంటుంది. ఆ టైమర్ డిఫాల్ట్ విలువ 54 నిమిషాలు. ఈలోగా కాల్ వస్తే జాబితాలో ఉన్న సైట్లన్నింటికీ ఎమ్‌ఎమ్‌ఈ పేజింగ్ సందేశం పంపుతుంది. ఒక మనిషి కోసం ఊరంతా దండోరా వేయించడమే ఇది.

దండోరా ఖర్చెంతో లెక్క వేద్దాం. అంకెలు లెక్క కోసం తీసుకున్నవి, మీవి పెట్టుకుని మళ్లీ చేసుకోండి. ఒక ఏరియాలో 60 సైట్లు, 1,20,000 ఐడిల్ ఫోన్లు, రద్దీ గంటలో ఒక్కో ఫోన్‌కు 12 పిలుపులు అనుకోండి. గంటకు 14,40,000, అంటే సెకనుకు 400. అన్నీ అన్ని సైట్లకూ వెళ్తే ఎమ్‌ఎమ్‌ఈ సెకనుకు 24,000 సందేశాలు పంపాలి, ప్రతి సెల్లూ సెకనుకు 400 పేర్లు చదవాలి. ఆ సైట్ కింద ఆ క్షణాన నిజంగా ఉన్నవి అందులో ఆరో ఏడో.

ఇప్పుడు సెల్ ఎంత చదవగలదో చూడండి. 4జీలో ఒక పేజింగ్ సందేశంలో 16 పేర్లకు మించి పట్టవు. రేడియో ఫ్రేమ్ 10 మిల్లీసెకన్లు కాబట్టి సెకనుకు వంద ఫ్రేములు. సెల్‌లో పేజింగ్ అవకాశాలెన్నో చెప్పే ఎన్‌బీ అనే పారామీటర్ విలువ టీ (ఫోన్ మేలుకునే చక్రం పొడవు, ఫ్రేముల్లో) అని పెడితే ప్రతి ఫ్రేములోనూ ఒక పేజింగ్ అవకాశం ఉంటుంది. వందను పదహారుతో గుణిస్తే సెకనుకు 1,600. టీ బై 2 పెడితే 800, టీ బై 4 పెడితే 400. పై లెక్కలోని ఏరియాలో టీ బై 4 ఉంటే సెల్ అంచుదాకా నిండిపోయినట్టే. అంచుదాకా అక్కర్లేదు, పిలుపులు సమంగా రావు కనుక ముందే ఇబ్బంది మొదలవుతుంది. సెకనుకు 300 పిలుపులొస్తే ఒక్కో అవకాశానికి సగటు 12. అయినా దాదాపు పది అవకాశాల్లో ఒకటి పదహారు దాటుతుంది. మిగిలిన పేర్లు ఆ ఫోన్ మళ్లీ మేలుకునేదాకా ఆగాలి, లేదా క్యూలోంచి పడిపోవాలి.

పడిపోతే ఏమవుతుందన్నది అసలు సంగతి. పేజింగ్‌కు రసీదు ఉండదు. ఫోన్ వినలేదా, సెల్ అసలు పిలవనే లేదా అన్నది ఎమ్‌ఎమ్‌ఈకి తెలియదు. జవాబు రాలేదు కాబట్టి టీ3413 టైమర్ అయిపోగానే మళ్లీ పిలుస్తుంది, చాలాసార్లు ఇంకా పెద్ద పరిధిలో. ఇరుకుగా ఉన్న సెల్ మీద ఇంకో పిలుపు పడుతుంది, దాంతో ఇంకొన్ని పడిపోతాయి, వాటికీ రెండో పిలుపులు పుడతాయి. సాయంత్రం బీచ్ రోడ్డులో వస్తున్న ఫిర్యాదులకు మొదట అనుమానించాల్సింది దీన్నే. రద్దీ కొంచెం పెరిగినా వైఫల్యం ఒక్కసారిగా పెరిగిందంటే ఇదే గుర్తు.

అందుకే ముందు ఎన్‌బీ చూడండి. టీ బై 4 గానీ టీ బై 8 గానీ ఉంటే టీకి తెండి. ఫోన్ బ్యాటరీ తరిగిపోతుందని భయపడేవాళ్లున్నారు, అది తిరగబడ్డ లెక్క. ఫోన్ తన చక్రానికి ఒకేసారి మేలుకుంటుంది, ఎన్‌బీ ఎంతైనా సరే. ఎన్‌బీ చిన్నదైతే ఒకే అవకాశంలో ఎక్కువ ఫోన్లు ఇరుక్కుని, వేరేవాళ్ల పేర్లున్న సందేశాలు కూడా విప్పి చూడాల్సొస్తుంది. ఖర్చు సెల్‌కే. ఒక్కో పేరు సుమారు 44 బిట్లు, పదహారు పేర్ల సందేశం 700 బిట్ల పైచిలుకు. సెల్ అంచున ఉన్న ఫోన్‌కు కూడా వినపడాలి కాబట్టి మొరటు కోడింగ్‌లో పంపాలి, అందుకే రిసోర్స్ బ్లాకులు (సెల్ రేడియో సామర్థ్యపు ముక్కలు) ఎక్కువ తింటుంది. అయినా పిలుపులు పడిపోవడం కంటే ఆ ఖర్చే నయం.

రెండోది టైమర్ల పొత్తు. ఎన్ని చోట్ల తప్పుతారో చెప్పలేం. ఐడిల్ ఫోన్ మేలుకునే చక్రం 320, 640, 1280, 2560 మిల్లీసెకన్లలో ఏదో ఒకటి. 1280 పెడితే పిలుపు ఫోన్‌కు చేరడానికి సగటున 0.64 సెకన్లు, గరిష్ఠంగా 1.28 సెకన్లు. ఆ మీద ర్యాండమ్ యాక్సెస్ (ఫోన్ సెల్‌ను మొదట పలకరించడం), కనెక్షన్ ఏర్పాటు. బ్యాటరీ ఆదా పేరుతో ఒకరు చక్రాన్ని 2560కి మార్చారనుకోండి. కోర్ నెట్‌వర్క్ వైపు ఇంకొకరు టీ3413ని 2 సెకన్ల దగ్గరే ఉంచారు. అప్పుడు చాలా ఫోన్లు ఇంకా కళ్లు తెరవకముందే రెండో దండోరా మొదలవుతుంది. లోడు ఊరికే పెరుగుతుంది, మొదటి పిలుపు సక్సెస్ మాత్రం కింద కనిపిస్తుంది. టీ3413 ఎప్పుడూ చక్రం కంటే కనీసం సెకనున్నర ఎక్కువ ఉండాలి. 1280 చక్రానికి 3 సెకన్లు బాగా కుదురుతుంది. 2560 మాత్రం వాయిస్ కాల్స్ ఉన్న నెట్‌వర్క్‌లో నేను సిఫారసు చెయ్యను.

ఇక పిలిచే వరుస. నా దృష్టిలో ఈ సమాధానంలో ముఖ్యమైనది ఇదే. ఫోన్ ఎక్కడుండే అవకాశం ఎంతో సెల్ వారీగా తెలిస్తే, ఎక్కువ అవకాశమున్న చోట మొదట పిలిచి, దొరక్కపోతే తర్వాతి వాటికి వెళ్లడం కంటే తక్కువ ఖర్చు పద్ధతి లేదు. ఏమీ తెలియకపోయినా విడతలుగా పిలవడం లాభమే. అవకాశాలన్నీ సమానంగా ఉన్న ఏరియాను రెండు సగాలు చేసి వరసగా పిలిస్తే సగటు ఖర్చు నాలుగింట మూడొంతులకు దిగుతుంది, మూడు ముక్కలైతే మూడింట రెండొంతులకు. నిజానికి అవకాశాలు సమానంగా ఉండవు, బాగా ఒకవైపు మొగ్గి ఉంటాయి. ఇంటి పక్కవాళ్లనడిగితే తెలిసే మనిషి కోసం ఊరంతా డప్పు కొట్టించరు కదా.

నలభై సెల్‌ల ఏరియా తీసుకోండి. చివరిసారి కనిపించిన సెల్‌లోనే ఉండే అవకాశం నూటికి 60, చుట్టూ ఉన్న ఆరింటిలో 25, మిగతా ముప్పై మూడింటిలో 15 అనుకుందాం. అన్నిచోట్లా ఒకేసారి పిలిస్తే ఖర్చు 40. మూడు విడతల్లో, అంటే ముందు 1, తర్వాత చుట్టుపక్కలతో కలిపి 7, చివరికి మొత్తం 40 అనుకుంటే, సగటున 8.35 సెల్‌లతో పని అయిపోతుంది. ఇక్కడ రెండో విడతలో కొత్త ఆరింటిలోనే పిలుస్తామని లెక్క. రెండే విడతలైతే మొదటి విడత ఎలా పెడతామన్నది తేడా తెస్తుంది. ముందు ఒక్క సెల్ పిలిచి తర్వాత నలభై అంటే సగటు 16.6. ముందు ఏడు పిలిచి తర్వాత మిగతావి అంటే 11.95. చివరి సెల్ ఒక్కదానికే మొదటి పిలుపు పరిమితం చేసి, అది తప్పితే నేరుగా ఊరంతా పిలవడం సగం మంచి పనే.

ఇక ఆలస్యం. విడతకు 3 సెకన్లయితే మూడు విడతల పద్ధతిలో సగటు అదనపు నిరీక్షణ 1.65 సెకన్లు, ఏడుతో మొదలయ్యే రెండు విడతల్లో 0.45 సెకన్లు. కాబట్టి వాయిస్‌కు రెండు విడతలు, డేటాకు మూడు. ఎమ్‌ఎమ్‌ఈలో పేజింగ్ పాలసీని క్యూసీఐ (సేవ రకాన్ని చెప్పే అంకె) వారీగా విడదీయొచ్చు. వోల్టీ (4జీ మీద నడిచే వాయిస్) కాల్ కబురు క్యూసీఐ 5 మీద వస్తుంది, దానికి వెడల్పైన మొదటి విడత ఇవ్వండి. క్యూసీఐ 9 మీదొచ్చే ఏ యాప్ నోటిఫికేషన్‌కో ఊరంతా లేపక్కర్లేదు. ఆరు సెకన్లు ఆలస్యమైనా పండగ సందేశానికి కొంప మునగదు.

ఎమ్‌ఎమ్‌ఈ పంపే సందేశం సైట్‌కు వెళ్తుంది, సైట్ తన కింద ఆ ఏరియాకు చెందిన సెల్‌లన్నింటిలోనూ పిలుస్తుంది. సెల్ స్థాయిలో ఎంచుకోవాలంటే 4జీ ప్రమాణాల 13వ రిలీజ్‌లో వచ్చిన సదుపాయం వాడాలి. కనెక్షన్ వదిలేటప్పుడు సైట్ తనకు తోచిన సెల్‌ల జాబితాను ఎమ్‌ఎమ్‌ఈకి ఇస్తుంది. తర్వాత పిలిచేటప్పుడు ఎమ్‌ఎమ్‌ఈ దాన్ని తిరిగి పంపుతుంది, ఇది ఎన్నో ప్రయత్నమో కూడా చెబుతుంది. రెండువైపులా లైసెన్సు తెరిచి ఉందో లేదో చూసుకోండి. ఒకవైపే తెరిచి, ఫలితం లేదని మూసేసిన చోట్లున్నాయి.

పాత రోజుల్లో ఐడిల్ ఫోన్ గంటల తరబడి మౌనంగా ఉండేది, చివరిగా కనిపించిన చోటు పాతబడిపోయేది. ఇప్పటి స్మార్ట్‌ఫోన్ జేబులో ఉండగానే ఏదో ఒక యాప్ పనిమీద కొన్ని నిమిషాలకోసారి కనెక్ట్ అవుతూ ఉంటుంది. అంటే చివరి సెల్ సమాచారం తాజాగా ఉంటుంది, అది కూడా ఉచితంగా. అందుకే చివరి సెల్ ఏదన్న దానితో పాటు ఎంతసేపటి కిందట అన్నదీ పాలసీలో పెట్టగలిగితే పెట్టండి. అయిదు నిమిషాల లోపైతే ఆ సైటూ దాని పొరుగులూ, అరగంట దాటితే నేరుగా ట్రాకింగ్ ఏరియా. కీప్యాడ్ ఫోన్లకు ఈ చిట్కా అంతగా పనిచెయ్యదు.

మన అరవై సైట్ల లెక్కలోకి దీన్ని తెస్తే, మొదటి విడతను చివరి సైట్ ఒక్కదానికే పంపి నూటికి 80 దొరికినా చాలు. ఎమ్‌ఎమ్‌ఈ సందేశాలు సెకనుకు 24,000 నుంచి 5,200కు, సెల్ మీద పిలుపులు 400 నుంచి దాదాపు 87కు పడిపోతాయి. ఏరియాను నాలుగు ముక్కలు చేస్తే వచ్చే లాభం ఇంతకంటే తక్కువ, పైగా నాలుగు కొత్త సరిహద్దులు మెడకు చుట్టుకుంటాయి.

అయినా ఏరియా సైజుకు ఒక లెక్కుంది. సగటు వేగం ఎంతో, సెల్ వెడల్పు ఎంతో, ఒక అప్‌డేట్ ఖర్చు ఒక సెల్‌లో ఒక పిలుపు ఖర్చుకు ఎన్ని రెట్లో తెలిస్తే, చతురస్రం లాంటి ఏరియాకు తగిన సెల్‌ల సంఖ్య ఇలా వస్తుంది. వేగాన్నీ అప్‌డేట్ రెట్లనూ గుణించి రెట్టింపు చేయండి. దాన్ని పై (π, అంటే 3.14) విలువ, సెల్ వెడల్పు, గంటకు పిలుపులు, ఈ మూడింటి లబ్ధంతో భాగించండి. వచ్చినదాన్ని మూడింట రెండో ఘాతానికి ఎక్కించండి. గంటకు 20 కి.మీ., 0.7 కి.మీ. సెల్, గంటకు 12 పిలుపులు, అప్‌డేట్ వంద రెట్లు అనుకుంటే 28 సెల్‌లు. ఇంట్లో కూర్చున్నవాళ్లను కలుపుకుని సగటు వేగం 2 కి.మీ. అయితే 6. విడతల పద్ధతితో పిలుపుల భారం అయిదో వంతుకు దిగితే, 20 కి.మీ. వేగానికి 83. అంటే పిలిచే వరుస బాగుంటే ఏరియా దాదాపు మూడు రెట్లు పెద్దదైనా ఫరవాలేదు, ఎన్‌ఏడీ దగ్గరి గోల దానంతట అదే తగ్గుతుంది. ఈ సూత్రాన్ని దిక్సూచిగానే వాడండి, కొలబద్దగా కాదు. సెల్ నిండనంతవరకు పిలుపు దాదాపు ఉచితం, నిండాక దాని ఖరీదుకు హద్దుండదు. సూత్రానికి ఆ సంగతి తెలియదు.

ఎన్‌ఏడీ సమస్యకు వద్దాం. అప్‌డేట్ అంటే చిన్న పనేం కాదు. ప్రియాంబుల్ (ఫోన్ పంపే తొలి సంకేతం) నుంచి కనెక్షన్ విడుదల దాకా రేడియో మీదే ఎనిమిది సందేశాలు, ఆథెంటికేషన్ కూడా జరిగితే ఇంకా ఎక్కువ. నాలుగువైపుల నుంచి బండ్లు ఆగి కదిలే కూడలిలో సరిహద్దు గీత పెడితే, రెండు సెల్‌ల సిగ్నల్ అటూఇటూ ఊగిన ప్రతిసారీ ఫోన్ గీత దాటుతుంది, తిరిగొస్తుంది. దీనికి మందు రెండు ఏరియాలను కలపడం కాదు, జాబితాలను అతివ్యాప్తిగా ఇవ్వడం. గాజువాక ఏరియా నుంచి ఎన్‌ఏడీ ఏరియాలోకి వచ్చిన ఫోన్‌కు ఆ రెండూ ఉన్న జాబితా ఇస్తే, వెనక్కి ఊగినా అప్‌డేట్ పుట్టదు. ఎన్‌ఏడీలోనే ఉండే ఫోన్‌కు ఆ ఒక్క ఏరియా చాలు. జాబితా అందరికీ ఒకటే ఉండాలన్న నియమం లేదు. అదనంగా సరిహద్దు సెల్‌లలో రీసెలెక్షన్ హిస్టరిసిస్‌ను (సెల్ మారడానికి కావాల్సిన సిగ్నల్ తేడాను) 2 డీబీ నుంచి 4కు, రీసెలెక్షన్ టైమర్‌ను 1 సెకను నుంచి 2కు పెంచి చూడొచ్చు. అంతకంటే పెంచితే ఫోన్ బలహీనమైన సెల్‌ను పట్టుకుని వేలాడుతుంది, ఆ సెల్‌లో పిలుపే వినిపించదు.

గీతలు మార్చక తప్పదనుకుంటే, విశాఖ భూమే మనకు సాయం చేస్తుంది. సింహాచలం కొండల వరస, కైలాసగిరి, యారాడ కొండ, ఇవన్నీ మనుషులు తక్కువగా దాటే చోట్లు. గీత కొండ వీపు మీదుగా పోనివ్వండి. జాతీయ రహదారి 16ను దాటాల్సొస్తే ఒక్కచోట, అడ్డంగా, బండ్లు ఆగకుండా పోయే భాగంలో దాటించండి. రహదారి పొడవునా గీత నడిపితే ప్రతి వాహనమూ పది సార్లు దాటుతుంది. బీచ్ రోడ్డు పొడవునా అసలే వద్దు. నీటి మీద సిగ్నల్‌కు అడ్డం ఉండదు కనుక, తీరంలో నిలబడ్డ ఫోన్‌కు కిలోమీటర్ల అవతలి సెల్ కూడా బలంగా కనిపిస్తుంది.

కొండమీది సైట్ల విషయంలో చాలామంది పొరబడతారు. టవర్ ఎక్కడ నిలబడి ఉంటే అక్కడి ట్రాకింగ్ ఏరియా కోడ్ ఇచ్చేస్తారు. చూడాల్సింది టవర్ చోటు కాదు, దాన్ని పట్టుకుంటున్న ఫోన్ల చోటు. ఫోన్ ఎంత దూరంలో ఉందో చెప్పే టైమింగ్ అడ్వాన్స్ లెక్కలు తీయండి, ఒక్కో మెట్టు సుమారు 78 మీటర్లు. కొండమీది సెల్‌ను వాడేవాళ్లలో సగంమంది 3 కి.మీ. అవతల, వేరే ఏరియా నడిబొడ్డున ఉంటే, ఆ ఏరియా మధ్యలో ఒక పరాయి ద్వీపం ఉన్నట్టే. దాని చుట్టూ రోజంతా అప్‌డేట్లు. ముందు యాంటెన్నా టిల్ట్ దించండి. దించినా అదే తీరైతే కోడ్‌ను కింది ఏరియాకు మార్చండి. మీ ఆర్కే బీచ్ సమస్యలో ఇది రెండో అనుమానితుడు.

రైలు మార్గంలో ఇంకో మెలిక. విజయవాడ వైపు నుంచి వచ్చి హౌరా వైపు వెళ్లే చాలా బండ్లు విశాఖపట్నం స్టేషన్‌లో దిశ మార్చుకుని, వచ్చిన దారిలోనే కొంతదూరం వెనక్కి వెళ్తాయి. ఆ ఉమ్మడి ముక్కలో సరిహద్దుంటే ప్రతి బండీ దాన్ని రెండుసార్లు దాటుతుంది. బండి ఔటర్‌లో ఆగే చోట గీత ఉంటే మరీ దారుణం, వెయ్యిమంది ఫోన్లు ఒకే చోట కూర్చుని ఊగుతుంటాయి.

ఫిషింగ్ హార్బర్ సెల్‌లలో వేరే రకం వృథా ఉంది. పడవ సముద్రంలోకి పోయి కవరేజ్ దాటితే ఫోన్ చెప్పకుండానే మాయమవుతుంది. ఎమ్‌ఎమ్‌ఈ మాత్రం అది ఉందనే అనుకుంటుంది. టీ3412 మీద మరో 4 నిమిషాలు, అంటే డిఫాల్ట్‌లో 58 నిమిషాలు అయ్యేదాకా, దానికొచ్చే ప్రతి పిలుపుకూ అన్ని విడతలూ పూర్తిగా నడుస్తాయి. ఆ తర్వాతే పిలవడం ఆపుతుంది. టైమర్‌ను 30 నిమిషాలకు తగ్గిస్తే ఈ వృథా తగ్గుతుంది కానీ, ఊళ్లో కదలకుండా ఉన్న ఫోన్లన్నీ దాదాపు రెట్టింపు హాజరు వేయాలి. వేట పడవల కోసం ఊరి టైమర్ మార్చొద్దు. వరసగా మూడు పిలుపులు తప్పిన ఫోన్‌కు కాసేపు డేటా పేజింగ్ ఆపే పాలసీ మీ ఎమ్‌ఎమ్‌ఈలో ఉంటే అది వాడండి, వాయిస్‌కు మాత్రం వర్తింపజేయకండి.

ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున 32 కి.మీ. చుట్టూ జనం రాత్రంతా నడుస్తారు. అప్పుడు ఏరియాలను కలపాలా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అక్కర్లేదు. గంటకు 4 కి.మీ. నడిచే మనిషి అయిదు నిమిషాల్లో 340 మీటర్లు దాటడు. చివరి సైటూ పొరుగులూ అన్న మొదటి విడతే దాదాపు అందర్నీ పట్టేస్తుంది. ఆరోజు ఇబ్బంది పేజింగ్‌లో కంటే ర్యాండమ్ యాక్సెస్‌లో ఎక్కువ. హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార వైపు సెల్‌లలో పేజింగ్ పారామీటర్లు ముట్టకుండా ప్రాక్ (ర్యాండమ్ యాక్సెస్ చానెల్) కాన్ఫిగరేషన్ చూడండి.

వాయిస్ ఇంకా 2జీకి దిగే ఫోన్లు మీ దగ్గరుంటే ఇంకో తనిఖీ ఉంది. డేటా మేలుకుంటుంది, కాల్ మాత్రం తప్పుతుంది అన్న ఫిర్యాదు దీనిదే. ప్రతి 4జీ ట్రాకింగ్ ఏరియాకూ ఒక 2జీ లొకేషన్ ఏరియాను జోడించి ఉంచుతారు. ఫోన్ కాల్ కోసం దిగిన 2జీ సెల్ ఆ జోడీలోది కాకపోతే, ముందు లొకేషన్ అప్‌డేట్ చేసుకోవాలి. ఈలోగా కాల్ పోతుంది, లేదా రింగు చాలా ఆలస్యమవుతుంది. రెండు నెట్‌వర్కుల సరిహద్దు గీతలు ఒకదానిమీద ఒకటి పడేలా చూడటమే దారి.

కోడ్ నమోదులో తప్పులు కూడా చూడండి. ట్రాకింగ్ ఏరియా కోడ్‌ను ఒక స్క్రీన్ దశాంశంలో, ఇంకొకటి హెక్సాలో అడుగుతుంది. 4001 అని రాయాల్సిన చోట హెక్సా అని ఉంటే అది 16385 అయిపోతుంది. ఆ సైట్‌లో ఫోన్లకు 12 గానీ 15 గానీ కాజ్ కోడ్‌తో తిరస్కరణలు కనిపిస్తే మొదట ఇదే చూడండి.

ఏది కారణమో తేల్చేది కౌంటర్లే. ఎమ్‌ఎమ్‌ఈ పంపినవీ సైట్ అందుకున్నవీ సరిపోయి, సైట్‌లో పారేసిన పేజింగ్ సంఖ్య సున్నా కాకపోతే కెపాసిటీ, అంటే ఎన్‌బీ, విడతలు. పారేసినవి సున్నా, అయినా జవాబులు తక్కువంటే కవరేజ్, కొండ సెల్‌లు, ర్యాండమ్ యాక్సెస్. మొదటి ప్రయత్నం 60 శాతం, రెండోది కలిపితే 95 అంటే టైమర్ల పొత్తు, లేదా చివరి సెల్ సమాచారం పాతబడింది. పావుగంట లెక్కలు తీసుకోండి, రోజు సగటులో సాయంత్రం మునిగిపోతుంది.

వీధిలో పరీక్షకు రెండు ఫోన్లు చాలు. పిలవాల్సిన ఫోన్‌లో యాప్‌లు ఆపి, స్క్రీన్ ఆర్పి, సర్వీస్ స్క్రీన్‌లో ఐడిల్ అయ్యిందని చూసుకున్నాకే కాల్ చేయాలి. శామ్‌సంగ్‌లో *#0011# తో సెల్, ఏరియా కోడ్ కనిపిస్తాయి. ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర, జలాంతర్గామి మ్యూజియం దగ్గర, ఇంకో రెండు మూడు చోట్ల, ఒక్కోచోట 30 కాల్స్ చేసి రింగుకు పట్టిన సమయం రాసుకోండి. ఒక్క కాల్ తప్పిందని కంగారు పడొద్దు. సక్సెస్ 99 శాతం ఉన్నచోట కూడా 30 కాల్స్‌లో కనీసం ఒకటి తప్పే అవకాశం నూటికి 26. మూడు నాలుగు తప్పితే అప్పుడు పట్టించుకోండి.

5జీ గురించి కూడా అడిగారు కాబట్టి రెండు మాటలు. 4జీ మీద ఆధారపడే 5జీలో (ఎన్‌ఎస్‌ఏ) ఐడిల్ ఫోన్‌ను 4జీయే పిలుస్తుంది, పైదంతా అలాగే వర్తిస్తుంది. సొంతంగా నడిచే 5జీలో (ఎస్‌ఏ) ఒక సందేశంలో 32 పేర్లు పడతాయి. ఇనాక్టివ్ అనే మధ్యస్థితి ఉంది, అందులో ఫోన్‌ను కోర్ కాకుండా రేడియో సైట్లే తమ చిన్న పరిధిలో వెతుకుతాయి. ఆ పరిధిలోని సైట్ల మధ్య ఎక్స్‌ఎన్ అనే నేరు లింకు లేకపోతే పిలుపు పక్క సైట్‌కు చేరదు. పరిధి గీసేముందు లింకుల పట్టిక తీసుకోండి. కరెంటు మీటర్ల లాంటి కదలని పరికరాలకు ఈడీఆర్ఎక్స్ (చాలాసేపటికోసారే మేలుకోవడం), పవర్ సేవింగ్ మోడ్ ఉంటే వాటిని మామూలు టైమర్లతో పిలవకండి. పవర్ సేవింగ్‌లో ఉన్నదానికి ఎన్ని దండోరాలు వేసినా వినపడదు, అది లేచేదాకా డేటాను ఆపి ఉంచడమే మార్గం.

చివరికి కోడ్‌లు మార్చాల్సే వస్తే రాత్రి రెండు, నాలుగు మధ్య చేయండి. ముందు కొత్త కోడ్‌ను ఎమ్‌ఎమ్‌ఈలో, 2జీ జోడీ పట్టికలో చేర్చాలి, ఆ తర్వాతే సైట్‌లో. తిరగేసి చేస్తే ఆ సైట్ కింది ఫోన్లన్నీ తిరస్కరణ తింటాయి. సైట్‌లో కోడ్ మారగానే దాని కింది ఐడిల్ ఫోన్లన్నీ ఒక్కసారిగా అప్‌డేట్ చేస్తాయి కాబట్టి అయిదారు సైట్ల చొప్పున, మధ్యలో పది నిమిషాలు ఆగుతూ మార్చండి. ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది: సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికలు ఏ ప్రాంతానికి వెళ్లాలో చెప్పడానికి కూడా ఈ ట్రాకింగ్ ఏరియా కోడ్‌లే వాడతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన ఊరిది. కొత్త కోడ్‌ల పట్టిక ఆ బ్రాడ్‌కాస్ట్ సిస్టమ్ చూసేవాళ్లకు అదే రాత్రి చేరిందని రాతపూర్వకంగా జవాబు వచ్చాకే మార్పు టికెట్ మూసేయండి.